హాల్లో కూర్చోబెట్టి చెప్పేది కౌన్సెలింగ్ కాదు
ఇంటర్ పిల్లలకు కాలేజీలో ఒక్క కౌన్సెలింగ్ క్లాసు పెడితే ఒత్తిడి తగ్గుతుందని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. వందమందిని కూర్చోబెట్టి చెప్పేది అవగాహన మాత్రమే. కౌన్సెలింగంటే విడిగా, వారానికోసారి, ముప్పావు గంట నుంచి గంట. మార్పు కనబడడానికి చాలామందికి ఆరేడు సార్లు పడుతుంది. మొదటి రోజే పిల్లలకు స్పష్టంగా చెప్పాలి: ‘నీ ప్రాణానికో, ఇంకొకరికో ప్రమాదముంటే తప్ప నువ్వు చెప్పింది బయటికి పోదు’ అని. చెడేది ఎక్కువగా ఇక్కడే. తలుపు దాటగానే అమ్మానాన్నలు ‘లోపల ఏం చెప్పినావు?’ అని గుచ్చి గుచ్చి అడుగుతారు, మళ్లీ వారానికి బిడ్డ నోరు విప్పదు. తిరుపతి హాస్టళ్లలో వార్డెన్‌నే పక్కన కూర్చోబెడితే ఇంకేం మాట్లాడతారు?

నిద్ర, తిండి, చదువు మీద ధ్యాస రెండు వారాలకు మించి దెబ్బతింటే తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. చచ్చిపోవాలని ఉందని అంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఒంటరిగా వదలకండి. మన పల్లెల్లో ఇంట్లోనే పెట్టుకునే పురుగుమందులు, మాత్రలు తాళంలో పెట్టండి. 14416 నంబరులో ఉండే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు పడవు.