నీటి పైన చూసి సంతకం పెట్టే తనిఖీలు ఇక చాలు

రెండేళ్ల కిందట విశాఖ తీరంలో ఒక జెట్టీ మీద నిలబడి చూసింది ఇంకా కళ్ల ముందే ఉంది. నడివయసు డైవరు ఒకాయన కంప్రెసరు గొట్టం నోట కరుచుకుని పైల్స్ మధ్యకు, అంటే జెట్టీని మోసే స్తంభాల మధ్యకు దిగాడు. పైన ఒక ఇంజనీరు, కాంట్రాక్టరు మనిషి, ఒక నోటుబుక్కు. ఇరవై నిమిషాలకు డైవరు పైకొచ్చాడు. మోచేతుల నిండా గుల్లలు కోసిన గాట్లు, వాటి మీద ఉప్పునీరు. "ఎలా ఉంది?" అని అడిగితే "బానే ఉందండి" అన్నాడు. బుక్కులో పైల్స్ అన్నిటికీ వరసగా టిక్కులు పడ్డాయి. తర్వాత టీ కొట్టు దగ్గర కదిపితే నాతో అన్నాడు: "ఏటి కనబడద్ది బాబూ లోపల? సేత్తో తడుముకోడమే. తగిలిన కాడికి తగిలింది."

ఆయన అబద్ధం ఆడలేదు. చేతికి తగిలిందే చెప్పాడు. ఆ తడుములాటకు తనిఖీ అని పేరు పెట్టి ఫైల్లో కట్టేసుకుంటున్నది మనం. జెట్టీలు, బ్యారేజీలు, డ్యాం గేట్లు, సముద్రంలోకి వేసిన పైపులైన్లు... వీటిలో నీటి కింద ఉన్న భాగాన్ని తాడు కట్టి పైనుంచి నడిపే కెమెరా రోబోతో, అంటే ఆర్‌ఓవీతో పరీక్షించడం తప్పనిసరి చేయాలి. వీలైతే చేద్దాం, నిధులుంటే చూద్దాం అనే మాట వద్దు. వీడియో లేని తనిఖీ నివేదికను అసలు నివేదికగా లెక్కించకూడదు.

ఎందుకింత గట్టిగా అంటున్నానో చెబుతాను. డ్యాం పనులకు వెళ్లే డైవర్లను అడగండి. వాళ్లు లోతు కన్నా ఎక్కువ భయపడేది లాగుడుకు. గేటుకు ఒక పక్క ఇరవై మీటర్ల నీరుంది, రెండో పక్క ఖాళీ. అడుగున రబ్బరు సీలు చిరిగి అడుగు చదరం కంత పడిందనుకుందాం. పది మీటర్ల నీరు చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు మోపుతుంది. ఇరవై మీటర్లకు రెండు కిలోలు. అడుగు చదరంలో తొమ్మిది వందల పైచిలుకు చదరపు సెంటీమీటర్లుంటాయి. లెక్క కడితే 1,850 కిలోలు. చెయ్యో కాలో ఆ కంతకు అడ్డం పడిందంటే పైనున్న నలుగురూ కలిసి తాడు లాగినా మనిషి ఊడి రాడు. ఆక్సిజన్ ఉన్నా, అనుభవం ఉన్నా చేసేదేమీ ఉండదు. పోనీ దూరం నుంచే చూసి తప్పుకుందామంటే బురద నీటిలో కంత కనబడదు. లాగుడు తెలిసేసరికి మనిషి దాని నోట్లోనే ఉంటాడు. మనం మనిషిని పంపేది సరిగ్గా ఆ కంత ఎక్కడుందో వెతకడానికే!

అదే కంతకు ఆర్‌ఓవీ అతుక్కుపోతే ఒక యంత్రం పోతుంది. బీమా కాగితం నింపుకుంటాం. ఏ ఇంటికీ కబురు పంపక్కర్లేదు.

మేడిగడ్డ బ్యారేజీ కథ మళ్లీ చెప్పక్కర్లేదు. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్, అంటే వంతెనను మోసే స్తంభం కుంగినట్టు వంతెన మీద కనబడింది. కానీ పునాది కింద ఇసుక కదిలింది ఆ రోజు సాయంత్రమేమీ కాదు. ప్రకాశం బ్యారేజీ సంగతీ తెలిసిందే. 2024 సెప్టెంబరులో వరదకు కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర ఇరుక్కుంటే, వాటిని ముక్కలు చేయడానికి విశాఖ నుంచి డైవర్లు వెళ్లి నీటి అడుగున కట్టర్లు పట్టుకోవాల్సి వచ్చింది. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటుకు తాళ్లు బిగించడానికి దిగిందీ విశాఖ డైవర్లే. ఎక్కడ నీటి కింద ఆపద వచ్చినా మొదటి ఫోను ఈ ఊరికే వస్తుంది. ఆపద రాకముందు మాత్రం ఎవరూ ఫోను చేయరు.

ఈ ఊరికి నీటి అడుగు కొత్త కాదు. 1971లో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ శకలాల దగ్గరికి దిగింది నాటి నౌకాదళ నౌక నిస్తార్ డైవర్లు. అదే పేరుతో మన హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన 118 మీటర్ల కొత్త నిస్తార్ 2025 జులై 18న ఇక్కడే నౌకాదళంలో చేరింది. దాని ఆర్‌ఓవీలు వెయ్యి మీటర్ల లోతుకు దిగగలవు. టార్పెడోలు రూపొందించే రక్షణ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ 1969 నుంచి ఇక్కడే ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఇక్కడే. కాస్త దిగువన కాకినాడకు ఎదురుగా కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ లోతు నీటి చమురు, గ్యాస్ బావుల దగ్గర వాల్వు తిప్పాలన్నా, బోల్టు చూడాలన్నా ఆర్‌ఓవీయే దిక్కు. అంత లోతుకు మనిషి వెళ్లలేడు కాబట్టి చమురు కంపెనీలు యంత్రం కొనుక్కున్నాయి. ముప్పై మీటర్ల లోతుకు మనిషి వెళ్లగలడు కాబట్టి మన జలవనరుల శాఖలు మనిషినే పంపుతున్నాయి. నాకు కోపం తెప్పించేది ఈ లెక్కే.

ఆ ముప్పై మీటర్ల దగ్గరైనా మనిషికి దక్కే సమయమెంత? మామూలు గాలి పీల్చే డైవరు అడుగున ఇరవై నిమిషాలకు మించి ఉంటే, పైకొచ్చేటప్పుడు మధ్యలో ఆగి ఆగి రావాలి. లేదంటే రక్తంలో నైట్రోజన్ బుడగలు కడుతుంది. తనిఖీకి వాడే చిన్న ఆర్‌ఓవీ సూట్‌కేసంత ఉంటుంది. ఇద్దరు మోసుకెళ్లి గట్టు మీంచి దింపేయవచ్చు. తాడు గుండా కరెంటు అందుతుంది, తాడు గుండానే బొమ్మ పైకొస్తుంది. పూటంతా అడుగునే ఉండగలదు. గెడ్డల మురుగు కలిసే మన ఇన్నర్ హార్బరులో చెయ్యి చాస్తే వేళ్లు కనబడవు, కెమెరా ఏం చూస్తుందని అడుగుతారు. నిజమే, అక్కడ కెమెరా పనికిరాదు. అందుకే సోనార్ బిగిస్తారు. శబ్దం తిరిగొచ్చే తీరును బట్టి పైల్ ఆకారం, అడుగున మట్టి కోసుకుపోయిన గొయ్యి తెర మీద గీతలుగా తేలతాయి. గుల్లలు గీకేసి, శబ్ద తరంగాలతో మందం కొలిచే అల్ట్రాసోనిక్ ప్రోబ్ ఆనిస్తే ఉక్కు ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో అంకె వస్తుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యం ఆ అంకె. "బానే ఉంది" అన్న మాటను వచ్చే ఏడాది మాటతో పోల్చలేం. అంకెను పోల్చగలం. మొన్న పదకొండు, నిన్న పది, ఇవాళ తొమ్మిదిన్నర అని తెలిస్తే ఎప్పుడు మరమ్మతు చేయాలో గుమస్తా కూడా చెప్పగలడు. వీడియోను బెజవాడలో కూర్చున్న చీఫ్ ఇంజనీరు చూడొచ్చు, పదేళ్ల తర్వాత వచ్చే కుర్ర ఇంజనీరూ చూడొచ్చు. డైవరు చేతి వేళ్లలో ఉన్న జ్ఞాపకం ఆయనతోనే ఇంటికి వెళ్లిపోతుంది.

ఖర్చు మాటేమిటి, డైవర్ల పొట్ట కొట్టినట్టు కాదా అనేవాళ్లున్నారు. రెండోది నిజంగా ఆలోచించాల్సిన మాట. తాడు ముడి వేయడం, ప్లేటు వెల్డింగు, సీలు మార్చడం లాంటి పనులకు ఇప్పటికీ మనిషి చెయ్యే కావాలి. ముందు యంత్రం వెళ్లి చూసొస్తే ఆ మనిషి ఏ వైపు వెళ్లకూడదో తెలుసుకుని దిగుతాడు. మన జాలరిపేట మత్స్యకారుల కుర్రాళ్లకు నీటి పోకడ పుట్టుకతో వచ్చిన విద్య. వాళ్లకు ఆరు నెలలు నేర్పిస్తే ఆర్‌ఓవీ నడపడంలో మించినవారుండరు. ఇక ఖర్చంటారా, యంత్రాలు విదేశాల నుంచే రావాలన్న రోజులు పోయాయి. ఐఐటీ మద్రాసులో పుట్టిన ప్లానిస్, కొచ్చిలోని ఐరోవ్ వాటిని ఇక్కడే తయారుచేస్తున్నాయి. కొనక్కర్లేదు, రోజు లెక్కన పిలిపించుకోవచ్చు.

చట్టమూ అడ్డం లేదు. 2021 డ్యాం భద్రత చట్టం వానాకాలం ముందు, తర్వాత తనిఖీలు చేయమంటోంది. అమల్లోకి వచ్చిన ఐదేళ్లలో తన పరిధిలోని ప్రతి డ్యాంకూ సమగ్ర భద్రత మదింపు జరగాలంటోంది. ఆ గడువు 2026 చివరిది. ఆ మదింపు గేట్ల పైభాగానికి రంగు వేసి, గ్రీజు పూసి ముగించేస్తే అది మదింపు కాదు.

ఇక్కడ ఇంకో మాట అనకుండా ఉండలేను. నీటి కింద ఏముందో చూసే హక్కు ఒక్క ఇంజనీర్లకే ఎందుకుండాలి? పరవాడ ఫార్మా సిటీ వ్యర్థజలం శుద్ధి చేశాకే పైపులో సముద్రంలోకి పోతోందంటారు. నక్కపల్లి మండలం రాజయ్యపేటలో మత్స్యకారులు ఇలాంటి పైపులైన్ల మీద ఏళ్లుగా ఆందోళన చేస్తున్నారు. పైపు సరిగ్గానే ఉందని కంపెనీలు అంటాయి, చేప పోయిందని వలలు పట్టేవాళ్లు అంటారు. మధ్యలో పదిహేను ఇరవై మీటర్ల నీరు అడ్డం. రెండు పక్షాలవీ మాటలే, చూసినవాడు లేడు. ఒక పడవ, ఒక ఆర్‌ఓవీ, ఒక పూట చాలు. పైపు అతుకులు కారుతున్నాయా, మూతి ఎక్కడ తెరుచుకుంది, చుట్టూ అడుగున ప్రాణమేమైనా మిగిలిందా, అంతా తెర మీద కనబడుతుంది. ఊరి పెద్దల్లో ఇద్దరిని అదే పడవలో కూర్చోబెట్టి, తెర వాళ్ల వైపు తిప్పండి. ఆ వీడియో కత్తిరించకుండా పంచాయతీ ఆఫీసులో వేయండి, కాలుష్య నియంత్రణ మండలి అధికారులు కూడా వచ్చి అక్కడే వాళ్ల పక్కన కూర్చుని చూడాలి.