మైనస్ 20లో అరటి గెలా?

పోయిన సంక్రాంతికి వచ్చి చల్లారిపోయిన సందేశం ఒకటి మా బంధువుల వాట్సాప్ గుంపులో మళ్లీ తిరుగుతోంది. ఫొటోలో నడుము లోతు మంచు, మధ్యలో పచ్చని అరటి చెట్టు, దానికి నిండు గెల. కింద రాసింది ఇది: "మైనస్ 20 డిగ్రీల చలిలోనూ గెల వేసే జపాన్ అరటి! కెనడాలో మనవాళ్లు సంక్రాంతికి పెరట్లోనే గెలలు కోస్తున్నారు. మన చక్కరకేళి పిలకైనా మెల్లగా చలికి అలవాటు చేసి, బోదెకు గడ్డి చుడితే చాలు. ఐరోపాలో అందరికంటే ఎక్కువ అరటి పండించేది ఐస్‌లాండ్ అని మీకు తెలుసా?"

టొరంటోలో ఉంటున్న మా అన్నయ్య కొడుకు అప్పట్లోనే ఫోను చేశాడు. "బాబాయ్, అమ్మ వచ్చేటప్పుడు కొల్లిపర నుంచి రెండు సూది పిలకలు పంపిస్తారా?" పంపలేదు. గుంటూరులో కూర్చుని మంచు గురించి నీకేం తెలుసని ఎవరైనా అనవచ్చు. మంచు సంగతి తక్కువే తెలుసు. అరటి సంగతి తెలుసు, లంక పొలాల్లో పుట్టి పెరిగినవాణ్ణి.

ఫొటోతో పెద్దగా పని లేదు. ఉష్ణోగ్రత సున్నాకు దిగిన రాత్రి తెల్లారేసరికి అరటి ఆకు ఉడకబెట్టిన తోటకూరలా వేలాడిపోతుంది, ఆపైన నల్లబడుతుంది. నడుము లోతు మంచులో పచ్చని ఆకు కనిపించిందంటే ఆ పచ్చదనం కంప్యూటర్‌లో పుట్టిందే.

జపాన్ అరటి విషయంలో మాత్రం ఒప్పుకోవలసింది ఒప్పుకోవాలి. అలాంటి అరటి నిజంగా ఉంది. శాస్త్రీయ నామం మ్యూసా బస్జూ. పేరు జపాన్‌దే అయినా పుట్టిల్లు దక్షిణ చైనా. నేలను ఎండుటాకులతో మందంగా కప్పితే మైనస్ 15 దాకా, ఒక్కోచోట అంతకంటే కిందికి దిగినా బతుకుతుంది. ఇక్కడ బతికేది ఏది అన్నదే అసలు ప్రశ్న. ఆకు బతకదు. కప్పకుండా వదిలేస్తే బోదె కూడా బతకదు. బతికేది నేలలోని దుంప.

ఇది అర్థం కావాలంటే మా పిన్ని దూట తీయడం చూడాలి. పెళ్లి పందిరికి కట్టిన గెల చెట్లను మర్నాడు ఆవిడ వదిలిపెట్టదు. పొర మీద పొర ఒలుస్తుంది. ప్రతి పొరలోనూ గాలి గదులు, వాటి గోడల నిండా నీళ్లు. చీరకు ఆ కర అంటితే ఇక పోదు. చివరికి మణికట్టంత లావున తెల్లటి దూట బయటపడుతుంది. చక్రాలుగా తరుగుతూ, సాగే పీచును చూపుడు వేలికి చుట్టుకుని లాగేసి, ముక్కలు నల్లబడకుండా మజ్జిగలో వేస్తుంది. అదే గెల వేయని చెట్టును నరికి చూడండి, దూట ఉండదు. చివరిదాకా చుట్టుకున్న ఆకు పొరలే. మనం బోదె అనేది కాండం కాదు, ఆకుల అడుగు తొడుగుల చుట్ట. అసలు కాండం దుంప. గెల వేసే కాలం వచ్చినప్పుడే దుంపలోని మొవ్వు పూమొగ్గగా మారి బోదె మధ్యనుంచి పైకి ప్రయాణం కడుతుంది. ఆ ప్రయాణానికి మిగిలే కాడే దూట.

ఇప్పుడు మంచు సంగతికి రండి. లేత చెట్టు బోదె గడ్డకట్టి కుళ్లినా, మొవ్వు నేలలో ఉంది కనుక వేసవికి మళ్లీ లేస్తుంది. గెల కట్టబోయే చెట్టుకు ఆ రక్షణ లేదు. దాని మొవ్వు అప్పటికే నడిమధ్యకు ఎక్కి ఉంటుంది. బోదె గడ్డకట్టిందా, ఆ మొవ్వూ పోయినట్టే. అరటికి రెండో గెల లేదు, పిలకలే గతి. అంటే ఆ సందేశం గెల వేస్తుందని చెప్పిన చెట్టే చలికి అందరికంటే ముందు బలయ్యే చెట్టు.

కాలం లెక్క కూడా వేద్దాం. గెల వేసే ముందు అరటి సుమారు 35 ఆకులు వేయాలి. మన ఎండకు వారం పది రోజులకో ఆకు వస్తుంది. గెల తొంగిచూశాక కాయ ముదరడానికి మూడు నాలుగు నెలలు. మొత్తం కలిపి మనకే ఏడాది పడుతుంది. టొరంటోలో మంచు పడని కాలం మే మధ్య నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా. ఐదు నెలలు, అందులోనూ మొదటి నెల రాత్రుళ్లు చలే. బోదెను చలికాలమంతా కాపాడుకుంటే ఇంగ్లండ్ దక్షిణ భాగంలో బస్జూకు పువ్వు వచ్చిన తోటలు లేకపోలేదు. వచ్చినా ఆ కాయలు వేలెడు, లోపల గుజ్జు దాదాపు శూన్యం, గింజలు పట్టే జాతి. నైవేద్యానికి పనికిరావు.

చక్కరకేళిని అలవాటు చేయడం మరీ విడ్డూరం. పిలక అంటే తల్లి చెట్టు ముక్కే. తరతరాలుగా చలిని చూడని చెట్టు ముక్కను చలిలో పెడితే దాని స్వభావం మారదు, అది చస్తుంది. అరటిపండును ఫ్రిజ్‌లో పెట్టి చూసిన ఎవరికైనా ఈ పాఠం తెలుసు. 13 డిగ్రీల కంటే కిందికి పోతే తొక్క నల్లబడుతుంది. ఓడల్లో పచ్చి కాయలను 13, 14 మధ్య ఉంచేది అందుకే. పైగా పిలకను పెట్టెలో దాచి దేశం దాటించకూడదు. పనామా తెగులు, వెర్రితల తెగులు ఊరూరా చేరింది ఇలాంటి పిలకలతోనే.

ఐస్‌లాండ్ మాటకు రెండు వాక్యాలు చాలు. అక్కడ క్వెరాగెర్ది అనే ఊరి దగ్గర భూగర్భ వేడితో నడిచే అద్దాల ఇళ్లలో కొన్ని అరటి చెట్లు పండుతున్న మాట నిజం. ఐరోపాలో పెద్ద ఎత్తున పండించేది మాత్రం స్పెయిన్, అదీ ఆఫ్రికా తీరానికి దగ్గరి కానరీ దీవుల్లో.

గడ్డి చుట్టడం గురించి చెప్పింది సగమే. మొదటి మంచుకు ఆకులు వాడగానే కోసేసి, బోదెను నడుము ఎత్తున ఉంచి, చుట్టూ తీగ వల కట్టి, అందులో ఎండుటాకులు నింపుతారు. పైన వాన పడకుండా కప్పాలి. చలికంటే ముందు తడి కుళ్లబెడుతుంది. ఇంత చేసినా కాపాడేది ఆకు కోసమే, గెల కోసం కాదు.

మావాడు చివరికి అక్కడి నర్సరీలోనే ఒక బస్జూ మొక్క కొన్నాడు. మే నెలలో పెరట్లో నాటాడు. ఉగాదికి ఆకు లేదు, సంక్రాంతికి ఉండదు. వినాయక చవితికి మాత్రం మూడడుగుల ఆకు కోసి ఫొటో పంపాడు. ఆకు మీద ఉండ్రాళ్లు, పక్కన అరటిపళ్లు. పళ్ల మీద ఈక్వడార్ చీటీ ఇంకా అంటుకునే ఉంది.