కాటా లేని సముద్రానికి రసీదులా?

సముద్రంలో ఇనుము చల్లితే వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు, విజృంభిస్తాయని, అవి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని లోతుల్లోకి చేరతాయని, భూతాపానికి ఇంతకంటే చవకైన మందు లేదని చెప్పేవారి గొంతు మళ్లీ పెరిగింది. ఈశాన్య పసిఫిక్‌లో 10 వేల చదరపు కిలోమీటర్ల దాకా, అంటే మన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా అంత మేర, ఇనుము చల్లి చూడాలని అమెరికా కేంద్రంగా ఉన్న పరిశోధకుల బృందం ప్రణాళిక వేసుకుంది. వారు శాస్త్రవేత్తలు, వ్యాపారులు కారు. వారి చిత్తశుద్ధిని మేం శంకించడం లేదు. మా ఆందోళనంతా వారి వెనకాల వరస కట్టబోయే వారి గురించే. సముద్రంలో దాచిన కార్బన్‌కు టన్నుకు ఇంత అని క్రెడిట్లు రాసి, పొగ ఆపలేని పరిశ్రమలకు అమ్ముకోవాలన్న ఆశ ఈ రంగాన్ని మొదటి నుంచీ వెంటాడుతోంది. దిగిన కార్బన్‌ను తూచే కాటా ఇప్పటికీ లేదు. కాటా లేని చోట రసీదు రాయనివ్వడం మోసానికి తలుపు తీయడమే.

చల్లే సరుకు మన రైతులకు కొత్తది కాదు. అది అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం. వేరుశనగ ఆకులు పసుపు తిరిగి తెల్లబారితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయమని వ్యవసాయాధికారులు చెబుతారు. నిమ్మ ఉప్పు పులుపు లేకపోతే ఇనుము తుప్పుగా మారి మొక్కకు అందదు. ఓడ మీద చేసేదీ అదే. బస్తాల్లోని అన్నభేదిని ట్యాంకులో గుమ్మరించి, ఆమ్లం కలిపిన సముద్రపు నీటిలో కరిగించి, గొట్టం గుండా ఓడ వెనుక ప్రొపెల్లర్ చిలికే నీటిలోకి వదులుతారు. సముద్రపు నీటి పీహెచ్ 8.1 దగ్గర ఉంటుంది. అందులో పడ్డ ఇనుము నిమిషాల నుంచి గంటల వ్యవధిలోనే తుప్పురకంగా మారి, రేణువులకు అంటుకుని కిందికి జారిపోతుంది. కొద్ది రోజులకే మళ్లీ చల్లాల్సి వస్తుంది. చల్లిన నీరు ప్రవాహాల్లో కలిసి జాడ తప్పకుండా చాలా ప్రయోగాల్లో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును కలిపారు. అది కూడా భూమిని బలంగా వేడెక్కించే వాయువేనన్న సంగతి ఇక్కడ చెప్పుకోవాలి.

కాగితం మీద లెక్క ఊరిస్తుంది. అన్నభేదిలో ఇనుము ఐదో వంతు. ఇనుము కరువైన జలాల్లో పెరిగే ప్లవకానికి లక్ష కార్బన్ పరమాణువులకు ఒక్క ఇనుప పరమాణువు చాలనుకుంటే, 5 టన్నుల అన్నభేదిలోని ఒక టన్ను ఇనుము దాదాపు 79 వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టాలి. క్రెడిట్ల ఆశ పుట్టేది ఈ అంకె దగ్గరే. ఆ అంకె నుంచి కోసేయాల్సినవి వరసగా ఉన్నాయి. చల్లిన ఇనుములో చాలా భాగం కణాలకు అందకుండానే పోతుంది. పెరిగిన ప్లవకాలను కోపెపాడ్లు వంటి జంతు ప్లవకాలు మేస్తాయి. మేసినదాంట్లో చాలా భాగం శ్వాసలో మళ్లీ కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. తప్పించుకుని 100 మీటర్ల లోతు దాటింది కూడా అడుగంటా దిగదు. జాన్ మార్టిన్ పేరు మీదున్న సూత్రం ప్రకారం 100 మీటర్ల దగ్గర నూరు పాళ్లు ఉంటే 500 మీటర్ల దగ్గర 25, 1000 మీటర్ల దగ్గర 14 పాళ్లే మిగులుతుంది. అర ట్యాంకరు ఇనుము ఇస్తే హిమయుగం తెచ్చిస్తానని 1988లో అన్నదీ ఆ మార్టినే. ఈ ఆశకు ప్రాణం పోసిన శాస్త్రవేత్త కొలతలే దాని హద్దునూ గీశాయి.

ఇంకో సంగతి చాలామంది దాటవేస్తారు. ప్లవకాలు తినేది నీటిలో కరిగి ఉన్న కార్బన్‌ను. ఆ లోటు గాలి నుంచి పూడటానికి నెలలు పడుతుంది. ఈలోగా ఆ నీరు లోతుకు జారుకుంటే వాతావరణంలో తగ్గేది ఏమీ ఉండదు. కాబట్టి నీటిలో ఎంత పెరిగిందన్నది ఒక లెక్క, లోతుకు ఎంత దిగిందన్నది మరో లెక్క, గాలిలో ఎంత తగ్గిందన్నది మూడో లెక్క. క్రెడిట్ అమ్మాల్సింది మూడోదాని మీద. ఉపగ్రహం చూపేది మొదటిదాన్నే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్ క్లోరోఫిల్, ఉపరితల ఉష్ణోగ్రత చిత్రాల ఆధారంగానే మన మత్స్యకారులకు చేపలు దొరికే తావులు చెబుతోంది. ఆ పనికి అది చక్కగా సరిపోతుంది. వెయ్యి మీటర్ల కింద ఏం జరిగిందో ఆ చిత్రం చెప్పలేదు. అన్నభేది కొట్టాక పైరు పచ్చబడిందని ఏ రైతూ ధాన్యం డబ్బు అడగడు. సముద్రం పచ్చబడిందని మాత్రం డబ్బు అడగవచ్చా?

ఈ విషయంలో మన దేశానికి సొంత అనుభవమే ఉంది. 2009 జనవరి నుంచి మార్చి దాకా గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి పోలార్‌స్టెర్న్ నౌక మీద లోహాఫెక్స్ ప్రయోగం జరిపాయి. మన వైపు నుంచి వజీ నఖ్వీ, జర్మనీ వైపు నుంచి విక్టర్ స్మెటాచెక్ నాయకత్వం వహించారు. దక్షిణ అట్లాంటిక్‌లో ఒక సుడి నడిబొడ్డున 300 చదరపు కిలోమీటర్లను ఎంచుకుని రెండు విడతలుగా ఇనుము చల్లారు. 39 రోజులు వెంటే ఉన్నారు. మొదటి రెండు వారాల్లో ప్లవకాలు రెట్టింపయ్యాయి. తర్వాత ఎదుగుదల ఆగింది. కారణం, ఆ నీటిలో సిలికా అప్పటికే అయిపోయి ఉంది. గాజు కవచం కట్టుకునే డయాటమ్‌లకు సిలికా లేనిదే బతుకు లేదు. బరువుగా గుత్తులు కట్టి లోతుకు దిగేవి అవే. వాటి బదులు సూక్ష్మమైన ఇతర ప్లవకాలు పెరిగాయి. వాటిని కోపెపాడ్లు మేశాయి. కోపెపాడ్లను రొయ్యల వంటి ఆంఫిపాడ్లు తిన్నాయి. నీటి మధ్యలో తేలుతూ దిగే కణాలను పట్టే ఉచ్చులు దించి చూస్తే లోతుకు దిగే కార్బన్‌లో చెప్పుకోదగ్గ పెరుగుదల కనబడలేదు.

ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించారు. అది శాస్త్రం. ఇదే ప్రయోగాన్ని క్రెడిట్ల కంపెనీ చేసి ఉంటే ఏమయ్యేది? రెట్టింపయిన ప్లవకాల ఉపగ్రహ చిత్రం వివరపత్రం అట్ట మీదికెక్కేది. ఉచ్చుల్లో పడనిదాని గురించి ఎవరు చెప్పేవారు?

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 2012 జులైలో కెనడా పశ్చిమ తీరాన హైదా గ్వాయి దీవుల ఆవల హైదా సాల్మన్ పునరుద్ధరణ సంస్థ వంద టన్నులకు పైగా ఇనుప పదార్థాన్ని సముద్రంలో గుమ్మరించింది. సాల్మన్ చేపలు పెరుగుతాయని, కార్బన్ క్రెడిట్లతో అప్పు తీరిపోతుందని ఓల్డ్ మాసెట్ గ్రామస్థులను ఒప్పించి దాదాపు 25 లక్షల డాలర్లు పెట్టించారు. నిర్వాహకులు చేసిన ఆ పని అంతా అయ్యాకే లోకానికి తెలిసింది. మరుసటి ఏడాది మార్చిలో కెనడా పర్యావరణ శాఖ సంస్థ కార్యాలయాన్ని సోదా చేసింది. ఉపగ్రహాల్లో 10 వేల చదరపు కిలోమీటర్ల పచ్చదనం కనబడింది. ఎంత కార్బన్ లోతుకు దిగిందో చూపే నమ్మదగిన లెక్క ఏదీ దాని నుంచి రాలేదు. రసీదు మాట ముందు, తూకం మాట ఎప్పటికీ లేదు.

ఇనుము కాకపోయినా అదే దారిలో మరొకటి జరిగింది. చెక్క ముక్కలను సముద్రంలో ముంచి కార్బన్ క్రెడిట్లు అమ్మిన అమెరికా కంపెనీ రన్నింగ్ టైడ్ 2023లో ఐస్‌లాండ్ జలాల్లో వేల టన్నులు ముంచింది. 2024 జూన్‌లో మూతబడింది. కొన్నవారి లెక్కల్లో ఆ టన్నులు నిలిచాయి. నూరేళ్లు ఆ కార్బన్ అడుగునే ఉందో లేదో చూడాల్సిన కంపెనీయే లేకుండా పోయింది. రేపు ఇనుము కంపెనీలకూ ఇదే గతి పడితే ఎవరిని నిలదీయాలి?

పరిశోధన కావాలనేవారి మాటలో పస ఉంది. 2004లో జరిగిన ఐఫెక్స్ ప్రయోగంలో పెరిగిన ప్లవక రాశిలో కనీసం సగం 1000 మీటర్ల కిందికి దిగిందని 2012లో ప్రచురించారు. ఉద్గారాలు తగ్గించినా గాలిలోని కార్బన్‌ను కొంత తీయక తప్పదని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ అంటోంది. అమెరికా జాతీయ అకాడమీలు 2021లో పరిశోధనకు మొగ్గు చూపాయి. కానీ 1993 నుంచి 2009 దాకా జరిగిన 13 ప్రయోగాల్లో లోతుకు దిగిన కార్బన్‌ను గట్టిగా చూపగలిగింది ఆ ఒక్కటే. పదమూడింట ఒకటి పట్టుకుని బజారు తెరవడం సాహసం కాదు, బరితెగింపు.

రసీదులో ఎన్నడూ తీసివేయని ఖర్చులూ ఉన్నాయి. దక్షిణ మహాసముద్రపు పై నీటిలో ఇనుము లేక మిగిలిపోయిన నైట్రేట్, ఫాస్ఫేట్ ఊరికే పోవు. అవి ఉత్తరానికి సాగే లోపలి ప్రవాహాల్లో కలిసి, 30 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి ఎగువనున్న సముద్రాల జీవోత్పత్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఆధారమవుతాయని 2004 నాటి అధ్యయనం తేల్చింది. అక్కడే అంతా మేపేస్తే ఇక్కడికి వచ్చేది తగ్గుతుంది. ఉత్తర హిందూ మహాసముద్రం కూడా ఆ గీతకు ఎగువనే ఉంది. దెబ్బ వెంటనే తగలదు, దశాబ్దాలు పడుతుంది. కానీ వంజరం, కానాగంతలు, కవళ్ల మీద బతికే మన తీరం ఆ నష్టాన్ని ఎవరి ఖాతాలో రాయాలి? దిగిన సేంద్రియ పదార్థం కుళ్లితే లోతుల్లో ఆక్సిజన్ తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ కంటే నూరేళ్ల లెక్కన 270 రెట్లకు పైగా వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ పుట్టే వీలుంది. అలాస్కా సింధుశాఖలో ఇనుము కలిపి చూసినప్పుడు సూడోనిచ్చియా డయాటమ్‌ల నుంచి డోమోయిక్ ఆమ్లం అనే నాడీ విషం పెరిగిందని 2010లో తేలింది. సముద్ర క్షీరదాలను, పక్షులను చంపిన విషమది.

ఇంతకీ చట్టం ఏమంటోంది? జీవవైవిధ్య ఒప్పందం సభ్య దేశాలు 2008లో బాన్‌లో, సముద్రంలో వ్యర్థాలు పారబోయడాన్ని అదుపు చేసే లండన్ ఒప్పందం సభ్యులు అదే ఏడాది తీర్మానాలు చేశాయి. న్యాయమైన శాస్త్ర పరిశోధనకు తప్ప సముద్రానికి ఎరువు వేయరాదన్నది వాటి సారాంశం. దాన్ని కట్టుబాటుగా మార్చేందుకు 2013లో లండన్ ప్రోటోకాల్‌కు సవరణ తెచ్చారు. అమలు కావాలంటే సభ్య దేశాల్లో మూడింట రెండు వంతులు ఆమోదించాలి. ఇన్నేళ్లయినా అది జరగలేదు. అంటే పదేళ్లకు పైబడి ఈ వ్యవహారం తీర్మానాల మీదే నడుస్తోంది. 2024 మేలో అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం ఒక మాట స్పష్టం చేసింది. ఒక రకం కాలుష్యాన్ని మరో రకంగా మార్చే సముద్ర జియో ఇంజినీరింగ్, అంటే వాతావరణం కోసం సముద్రాన్ని కావాలని మార్చే పని, సముద్ర చట్టానికి విరుద్ధమవుతుందని చెప్పింది. అదే ఏడాది బాకు వాతావరణ సదస్సులో ప్యారిస్ ఒప్పందం కింద క్రెడిట్ల బజారుకు దారి తెరుచుకుంది. ఒకవైపు నిషేధం అటకెక్కింది, మరోవైపు బజారు తలుపు తెరుచుకుంది. ఇదే మమ్మల్ని కలవరపెడుతోంది. 'పరిశోధన' అని బోర్డు పెట్టి లోపల క్రెడిట్లు అమ్మే దుకాణానికి ఈ సందు చాలు. ఒక్కరికి సందిస్తే అదే రేపు ఆనవాయితీ అవుతుంది. తూకం లేకుండా మొదటి రసీదు చెల్లితే వెయ్యో రసీదును ఆపే న్యాయం ఎవరి దగ్గరా ఉండదు.

మన ప్రభుత్వం చేయాల్సింది ఉంది. 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకంలో సముద్రానికి ఇనుము వేసి సంపాదించిన క్రెడిట్లు చెల్లవని ఇంధన సామర్థ్య బ్యూరో ఇప్పుడే, ఎవరూ అడగకముందే రాతపూర్వకంగా ప్రకటించాలి. విదేశాల్లో కొన్న అలాంటి క్రెడిట్లతో మన కంపెనీలు తమ లెక్కలు చక్కబెట్టుకోకుండా అడ్డుకోవాలి. 2024 సెప్టెంబరులో మనం సంతకం చేసిన అంతర్జాతీయ జలాల జీవవైవిధ్య ఒప్పందం కింద ముందస్తు పర్యావరణ అంచనా కోసం గట్టిగా పట్టుబట్టాలి. పరిశోధన జరగాలంటే ప్రజాధనంతో జరగాలి. కనీసం ఏడాది వెంటే ఉండి లోతు కొలవాలి. ఉచ్చుల్లో ఏమీ పడకపోయినా ఆ మాట ప్రచురించాలి. లోహాఫెక్స్ బృందం చేసి చూపింది అదే. అంతకంటే తక్కువకు ఎవరినీ అనుమతించరాదు.

కార్పొరేట్ బోర్డుల్లో కూర్చుని 'నెట్ జీరో' గడువులు ప్రకటించిన వారికీ ఒక మాట. మీ పొగగొట్టం లెక్క మీ దగ్గరే మీటరు మీద ఉంది. దాన్ని తగ్గించడం కష్టమని, దక్షిణ ధ్రువం దగ్గర ఎవరో చూడని చోట ఏదో దిగిందన్న కాగితం కొని చేతులు దులుపుకోవాలని చూడకండి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వలలు ఒడ్డున పెట్టి పస్తులైనా ఉంటున్న మన తూర్పు తీరపు మత్స్యకారుడు ఆ నిషేధాన్ని పాటిస్తున్నాడు. తప్పితే పడవ పోతుంది, డీజిల్ రాయితీ పోతుంది. అదే సముద్రం మీద టన్నుల లెక్కన బేరం పెట్టే కంపెనీకి తప్పితే పోయేదేమిటో ఏ ప్రభుత్వమూ ఇంతవరకూ నిర్ణయించకపోవడం సిగ్గుచేటు.