ఆపరేషన్ నాకే గానీ తేల్చుకోవాల్సింది ఇద్దరం

పేరు రాయట్లేదండి, ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లుంది, అర్థం చేసుకోండి. మాది రాజోలు పక్క, రొయ్యల చెరువులు. నాకు 54 ఏళ్ళు, షుగరొచ్చి 15 ఏళ్ళు. అంగం గట్టిపడక మూడేళ్ళు దాటింది. మాత్రలూ అవీ అన్నీ అయిపోయి ఇప్పుడు ఇంప్లాంట్, అంటే అంగం లోపల ఆపరేషన్ చేసి పెట్టే పరికరం, వేయించుకుంటారా అని డాక్టరు గారు అడిగారు, నెల్రోజుల్నించి ఇంట్లో నాకూ మా ఆవిడకీ ఇదే మాట.

మొన్న మా బావ ఒక్కడికే చెప్పాను. "ఈ వయసులో నీకెందుకు బావా ఇయ్యన్నీ, రేపోమాపో మనవల్ని ఎత్తుకుంటావు" అన్నాడు. అప్పట్నించి కడుపు మండిపోతోంది, అందుకే ఇది రాస్తున్నా. ఇదే బావ పోయినేడు మోకాలు మార్పించుకుంటే ఊరు ఊరంతా బత్తాయిలు పట్టుకెళ్ళి చూసొచ్చాం, ఆస్పత్రిలో మూడ్రాత్రులు నేనే పడుకున్నా. మోకాలికి పెట్టుకోవచ్చు, గుండెకి స్టెంటు వేయించుకోవచ్చు, పన్ను పోతే పన్ను కట్టించుకోవచ్చు, ఒంట్లో ఈ ఒక్కచోటికి వచ్చేసరికే అందరికీ వయసు గుర్తొస్తుంది. షుగరు నరాల్నీ రక్తనాళాల్నీ తినేస్తుందండి. కళ్ళలో తింటుంది, కాళ్ళలో తింటుంది, అక్కడా తింటుంది. కళ్ళకైతే జబ్బూ దీనికైతే సిగ్గూనా?

పైగా దీన్ని దాచుకుంటే ప్రాణం మీదకి కూడా రావచ్చు. అక్కడికెళ్ళే రక్తనాళాలు ఒకటీ రెండు మిల్లీమీటర్లు, గుండెవి మూడూ నాలుగు, కాబట్టి పూడిక ముందు సన్నవాటిలో తెలుస్తుంది. మన కాలవల కింద బతికేవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, చివరి బోదెకి నీళ్ళందట్లేదంటే పైన కాలవలో కూడా ఏదో పేరుకుంటోందనే. డాక్టరు గారు నా మాట వినగానే ముందు ఈసీజీ, ఎకో రాశారు, తర్వాతే మిగతావి.

ఆయన దగ్గరికి చేరేలోపు నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. గోడ మీద పోస్టర్ చూసి, లాడ్జి గదిలో నెలకోసారి కూర్చునే ఒకాయన దగ్గరికెళ్ళాను. నాడి పట్టుకుని నరాల బలహీనత అన్నాడు, పొట్లాలు కట్టిచ్చి 18 వేలు తీసుకున్నాడు. కొన్నాళ్ళు పనిచేసింది కూడా. తర్వాత తెలిసిందేంటంటే ఇలాంటి పొట్లాల్లో చాలాసార్లు వయాగ్రా మందే, అదే సిల్డెనాఫిల్, పేరు చెప్పకుండా డోసు తెలీకుండా నూరి కలుపుతారంట. గుండెకి సార్బిట్రేట్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు అది మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషే పోవచ్చు. మా చెరువు దగ్గర కాపలా పెద్దాయన నాలిక కింద సార్బిట్రేట్ పెట్టుకునే మనిషి, ఆయనకి కూడా రెండు పొట్లాలు ఇవ్వబోయి ఎందుకో ఆగాను. తల్చుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

మాత్రలు పనిచెయ్యలేదు అనుకునేవాళ్ళకి ఒక్క మాట, నేను మొదట్లో సిల్డెనాఫిల్ వేసుకున్నది కడుపునిండా చేపల పులుసన్నం తిన్నాక. కొవ్వు తిండి మీద అది సరిగ్గా ఎక్కదంట, ఖాళీ కడుపున గంట ముందు వేసుకోవాలి, ఒకసారికే వదిలెయ్యకూడదు. నాకు అలా వేసినా లాభం లేకపోయింది, బయట్నించి పెట్టుకునే వ్యాక్యూమ్ పంపు చూశాను, అంగానికి పక్కన పొడుచుకునే ఇంజెక్షను చూశాను, అక్కడికి రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ తీశారు, అప్పుడే ఇంప్లాంట్ మాట వచ్చింది.

ఇక అసలు విషయానికొస్తా. ఈ మూడేళ్ళూ నేను చెరువు గట్టు మీద షెడ్డులోనే పడుకున్నాను. రొయ్యల చెరువున్న ఎవరికైనా తెలుసు, తెల్లారగట్ల ఆక్సిజన్ పడిపోతుంది, కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, ఎవరో ఒకరు కాపు ఉండాల్సిందే. కానీ దానికి జీతం ఇచ్చి మనిషిని పెట్టుకున్నాను. అయినా రోజూ అన్నం తినేసి టార్చిలైటు పట్టుకుని వెళ్ళిపోయేవాణ్ణి, మంచం ఎక్కాల్సిన పని లేకుండా. ఆపరేషన్ సంగతి కూడా మా ఆవిడకి చెప్పకుండా నేనే తేల్చేసుకుని, హైదరాబాదులో పనుందని చెప్పి చేయించుకొచ్చేద్దాం అనుకున్నాను. ఒక ఆస్పత్రిలో అయితే చెకప్ ఎందుకో తెలీకుండానే నా కూడా వచ్చిన ఆవిణ్ణి "అమ్మా మీరు బయట కూర్చోండి" అన్నారు, నేనూ హమ్మయ్య అనుకున్నాను. అది తప్పండి, వాళ్ళదీ తప్పే నాదీ తప్పే.

చివరికి ఒకరాత్రి చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఎవత్తో ఉందనుకున్నానండి, చెరువు దగ్గరికి రెండుసార్లు వచ్చి చూసెళ్ళాను" అంది. రాత్రిపూట, ఒక్కత్తీ, ఆ గట్టు మీద. నేను సిగ్గుతో దాక్కున్న మూడేళ్ళూ ఆవిడ ఆ బాధ ఒక్కత్తే మోసింది.

తర్వాత సారి ఇద్దరం లోపల కూర్చున్నాం. డాక్టరు గారు నమూనా తీసి టేబుల్ మీద పెట్టారు. సిలికాన్‌లా మెత్తగా ఉండే రెండు గొట్టాలు, పొట్టలో పెట్టే చిన్న సెలైన్ నీళ్ళ సంచి, వృషణాల సంచిలో ఉండే పంపు. బీపీ చూసే బల్బుంటుంది చూడండి, దాన్ని బాగా చిన్నది చేసినట్టు. నేను ముట్టుకోడానికి మొహమాటపడుతుంటే ఆవిడ చేతిలోకి తీసుకుని నాలుగైదుసార్లు నొక్కింది, గొట్టాలు బిగిశాయి, మీట నొక్కితే మళ్ళీ మెత్తబడ్డాయి. "లోపల పగిలితే ఏమవుద్దండి" అని అడిగింది. సెలైనే కదమ్మా, ఒంట్లో ఇంకిపోద్ది, కాకపోతే మళ్ళీ కోసి మార్చాలి అన్నారాయన. సెలైనంటే లీటరుకి తొమ్మిది గ్రాముల ఉప్పు, నేను చెరువులో రోజూ చూసుకునే లెక్కే. ఎందుకో ఆ మాటతో నాకు సగం భయం పోయింది.

ఇది కొత్త ప్రయోగమేం కాదు, ఈ పంపు రకం 1973 నించీ వేస్తున్నారు. రాడ్ల రకం కూడా ఉంది, వంచితే వంగి ఎత్తితే నిలబడేది, బొంబాయి డాక్టరు రూపిన్ షా గారు మనదేశంలోనే చేయించిన షా ఇంప్లాంట్ ఆ రకమే. పంపుదానికి మాకు చెప్పిన ఖర్చు రాడ్లకంటే నాలుగైదు రెట్లు. రాడ్లు చవక, పాడవ్వడానికి పెద్దగా ఏముండదు, కానీ ఎప్పుడూ గట్టిగానే ఉంటాయి, లుంగీ కట్టుకుని నలుగుర్లో తిరిగే మనిషిని నేను. పంపుది మామూలుప్పుడు మామూలుగానే ఉంటుంది, పదేళ్ళో ఆపైనో పనిచేసి ఎప్పటికో మార్చాల్సి రావచ్చు.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది, దీంట్లో వెనక్కి రావడం లేదు. గొట్టాలు పెట్టాలంటే లోపలి మెత్తటి కండని తొలుస్తారు, రేపు తీయించేసినా మాత్రలేసుకుంటే పనిచేస్తుందిలే అనుకోడానికి ఉండదు. పొడవు పెరగదు, కొంచెం తగ్గినట్టు కూడా అనిపించొచ్చు. కోరిక పుట్టించదు. స్పర్శ, సుఖం, వీర్యం మాత్రం ముందెలా ఉన్నాయో దాదాపు అలాగే ఉంటాయి. చీము పడితే మొత్తం తీసెయ్యాల్సి రావచ్చు, షుగరోళ్ళకి ఆ భయం ఇంకొంచెం ఎక్కువ. అందుకే నా మూణ్ణెల్ల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 9.2 నించి 8 లోపుకి దింపితే గానీ ముట్టుకోనన్నారు డాక్టరు గారు. రాత్రి అన్నం మానేశాను, పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తున్నా, మొన్న 8.4 వచ్చింది.

మేమైతే చేయించుకుందామనే అనుకుంటున్నాం, పంపుదే, ఈ రొయ్యల పట్టుబడి డబ్బులు చేతికొచ్చాక. ఇంకా వద్దనుకోవచ్చు కూడా, ఆ దారి మూసుకోలేదు. మేత బిల్లు వెనకాల ఆవిడ డాక్టరు గారిని అడగాల్సినవి రాసి పెట్టింది. ఎన్ని రోజులు పడుకోవాలి, పంపు నొక్కడం ఎవరు నేర్పుతారు, ఆరు వారాలు ఆగమన్నారు కదా నొప్పి అప్పటిదాకా ఉంటుందా, బరువులెత్తొచ్చా. అట్టడుగున ఒకటి రాసింది, అది డాక్టరు గారికి కాదు నాకు, "చేయించుకోకపోయినా ఇంట్లోనే పడుకుంటారా?" అని.

షెడ్డులో నా మంచం కాపలా పెద్దాయనకి ఇచ్చేశాను.