ఆడిట్ రిపోర్ట్ అడిగితే గ్రూప్‌లోంచి తీసేస్తారా?

ఇందాకే నన్ను ఒక వాట్సాప్ గ్రూప్‌లోంచి తీసేశారు. నేనేమీ తిట్టలేదు, ఎవరినీ దొంగ అనలేదు. "పోయిన సంవత్సరం ఆడిట్ రిపోర్ట్, జీతాల ఖర్చు విడిగా కనిపించేలా, గ్రూప్‌లో పెడతారా సార్?" అని ఒక్క మాట అడిగాను. మా ఊళ్ళో వికలాంగ పిల్లల కోసం సెంటర్ నడిపే సంస్థ అది. నెలనెలా నా జీతంలోంచి దానికి డబ్బు వెళ్తుంది. సెక్రటరీగారు "సేవ చేసేవాళ్ళని అనుమానించడం చాలా బాధాకరం" అని పెట్టారు, కింద వరసగా నమస్కారాల బొమ్మలు పడ్డాయి, ఆ తర్వాత నేను గ్రూప్‌లో లేను.

అంతవరకైతే ఊరుకునేవాణ్ణి. కాసేపటికి అక్క ఫోన్ చేసింది. "ఎందుకురా అడిగావు? రేపు వాణ్ణి సెంటర్‌కి రానివ్వకపోతే ఎక్కడికి తీసుకెళ్ళను?" అని ఏడుపు. వాడంటే నా మేనల్లుడు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్ళు అదుపులో ఉండని స్థితి) ఉంది, పద్నాలుగేళ్ళు. ఇప్పుడు వాణ్ణి ఎత్తి స్నానం చేయించాలంటే ఇద్దరు కావాలి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వాణ్ణి చూసుకునే చోటు మా ఊళ్ళో ఆ సెంటర్ ఒక్కటే. ఈ సంగతి వాళ్ళకి బాగా తెలుసు. తెలుసు కాబట్టే, ప్రశ్న అడిగింది నేనైతే ఫోన్ అక్కకి వెళ్ళింది. "మీ తమ్ముడికి కాస్త చెప్పండమ్మా" అన్నారట. అంతకుమించి ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా, ఆ తల్లికి మిగతాది అర్థమైపోతుంది. ఇది బెదిరింపు కాకపోతే మరేంటో ఎవరైనా నాకు చెప్పండి.

లెక్కలు చూపించడం మాకు చేసే మేలు కాదండీ. పన్ను మినహాయింపు తీసుకుంటున్న సంస్థ అది. ఏటా వచ్చిన ఆదాయంలో 85 శాతం సేవకి ఖర్చు పెట్టాలి, ఆడిట్ చేయించాలి, ఆ రిపోర్ట్ ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళకి ఇవ్వాలి. అంటే నేనడిగిన కాగితం కొత్తగా తయారు చేయాల్సింది కాదు, వాళ్ళ కంప్యూటర్‌లో ఉండాల్సిందే. అది గ్రూప్‌లో పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? విరాళానికి పన్ను మినహాయింపు కోసం ఇచ్చే 80జి రసీదు విషయం కూడా అంతే. 2021–22 నుంచి చేతిరాత రసీదు ఒక్కటే సరిపోవడం లేదు. దాతల వివరాలన్నీ సంస్థ 10బీడీ ఫారంలో మే 31 లోపు దాఖలు చేసి, మనకి 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. నాకు రాలేదు. అడిగితే "ఈసారి అకౌంటెంట్ మారాడు సార్" అంటారు. కొత్త పన్ను విధానంలో ఎలాగూ మినహాయింపు రాదని చాలామంది అడగడమే మానేశారు, వాళ్ళకీ అదే హాయిగా ఉంది. మినహాయింపు రాకపోయినా అడగండి. నేనిచ్చిన డబ్బు వాళ్ళ పుస్తకాల్లో నా పేరుతో ఎక్కిందో లేదో నాకు తెలియాలి కదా.

ఇంకో మాట ఉంది, ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. "మీరిచ్చే ప్రతి రూపాయీ నేరుగా పిల్లలకే" అని వాళ్ళ ఫ్లెక్సీల మీద రాసుకుంటారు, మన జనం కూడా ఆహా అంటారు. అసలు జీతాలు లేకుండా ఈ పిల్లలకి సేవ ఎలా జరుగుతుంది? మా వాడికి కావాల్సింది దుప్పటో పండ్లో కాదు. బిగుసుకుపోయిన కాళ్ళని రోజూ సాగదీసే ఫిజియో కావాలి, ముద్ద మింగేటప్పుడు పొలమారకుండా చూసే స్పీచ్ థెరపిస్ట్ కావాలి, స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలి, డయపర్ మార్చే ఆయా కావాలి. వాళ్ళ జీతమే సేవ. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. అంత గట్టిగా బిగించిన చట్టం కింద కూడా ఆసుపత్రిలో డాక్టర్ జీతాన్ని, బడిలో టీచర్ జీతాన్ని పరిపాలన ఖర్చుగా లెక్కించరు. అందుకే నేను జీతాలు విడిగా చూపించమన్నది. జీతాలు ఎక్కువయ్యాయని కాదు, ఫిజియో జీతం అసలు ఉందా లేదా అని. ఎందుకంటే సంక్రాంతి నుంచి ఆ సెంటర్‌లో ఫిజియో లేడు. ఉన్నాయన మానేశాడు, ఇంకొకరిని పెట్టలేదు. ఈలోపు పైన అంతస్తు లేచింది, హాల్లో గ్రానైట్ వేశారు, శిలాఫలకం మీద పేర్లు చెక్కారు. కట్టడం కూడా ఖర్చు కిందకే వస్తుంది కాబట్టి 85 శాతం నిబంధన కాగితం మీద చక్కగా తీరిపోతుంది. మా వాడి మడమ మాత్రం నేలకి ఆనడం మానేసింది.

దాతలకి కూడా చెప్పాలి ఇక్కడ. పుట్టినరోజుకి అన్నదానం చేస్తామంటూ వరస కడతారు, కేక్ కోసి పిల్లల మధ్యలో నిలబడి ఫోటో దిగుతారు. ఒక నెల ఫిజియో జీతం ఇస్తారా అంటే ఆ మాట ఎవరికీ రుచించదు, అందులో ఫోటో ఉండదుగా.

వీల్‌చైర్ల పంపిణీ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. స్టేజీ, మైకు, శాలువాలు, ఎండలో పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లులు. కుర్చీలన్నీ ఒకే సైజు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడికి కొలతలు తీయకుండా కుర్చీ ఇవ్వడమేంటి? సీటు వెడల్పు, లోతు, తల ఆనడానికి దన్ను, కాళ్ళకి ఫుట్‌రెస్ట్, బెల్టులు, ఇవన్నీ ఆ పిల్లవాడి ఒంటికి సరిపోవాలి. లేకపోతే వాడు పక్కకి జారిపోతాడు, ఏళ్ళు గడిచేకొద్దీ వెన్ను వంకరపోతుంది. బోయినపల్లిలో, మేధోవైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే, ఎన్ఐఎంహెచ్ అని మనం ఇప్పటికీ పిలుచుకునే సంస్థలో వాణ్ణి చూపించినప్పుడు ఈ మాటే చెప్పారు అక్కకి. ఆ పంపిణీలో ఇచ్చిన కుర్చీ ఇప్పుడు అక్క ఇంట్లో బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. పైగా దాని వెనక అలింకో స్టిక్కర్ ఉంది. అలింకో అంటే కాన్పూర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఎడిప్ పథకం కింద అర్హులకి ఈ కుర్చీలు ప్రభుత్వమే ఇస్తుంది. మరి వీళ్ళ బ్రోచర్‌లో "మా సంస్థ అందించిన వీల్‌చైర్లు" అని ఎలా వచ్చింది? దానికి ఎవరి దగ్గర ఎంత విరాళం తీసుకున్నారు? ఇది కూడా అడగకూడదా?

అసలు నా కడుపుమంట ఈరోజుది కాదు, మూడేళ్ళ కిందటిది. ఎవరి స్టేటస్‌లోనో అక్క ఒక పోస్టర్ చూసింది. మా వాడి ఫోటో. ముఖం మీద జొల్లు కారుతుండగా, కావాలని ఆ క్షణంలోనే తీసినట్టు. పైన "తల్లిదండ్రులు లేని ఈ బాబుకి మీరే దిక్కు", కింద క్యూఆర్ కోడ్. వాడి తల్లి బతికే ఉంది! వాడు పుట్టినప్పటి నుంచి ఒక్క పెళ్ళికి కూడా పూర్తిగా ఉండి రాని మనిషి మా అక్క. వాడి మందుల కోసమే బావ లారీ మీద వారాలు వారాలు తిరుగుతాడు. వాళ్ళిద్దరినీ ఒక పోస్టర్‌తో చంపేశారు. అడిగితే ఏమన్నారో తెలుసా? "అలా పెడితేనే డబ్బులొస్తాయమ్మా, మీ బాబు కోసమే కదా." అప్పుడు కూడా అక్క నా చేయి పట్టుకుని ఆపేసింది. పోస్టర్ తీసేశారు కానీ క్షమించండి అని ఒక్కరూ అనలేదు. వాడి ముఖం చూపించి ఎంత వసూలు చేశారో, అందులో ఎంత వాడికి ఖర్చు పెట్టారో ఈరోజుకీ చెప్పలేదు.

దాతలకి లెక్క చెప్పాలని అందరూ అంటారు, సరే. వాడికెవరు చెప్తారు లెక్క? వాడి పేరు మీదేగా వస్తోంది డబ్బంతా. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి సంస్థ రిజిస్ట్రేషన్ లేకుండా నడవకూడదు, ఆ సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా పెట్టాలి. ఆ హాల్లో గోడ నిండా సన్మానాల ఫోటోలున్నాయి, ఆ సర్టిఫికెట్ మాత్రం నాకు కనిపించలేదు. కమిటీలో ఒక్క వికలాంగుడు లేడు, ఒక్క తల్లి లేదు. మీటింగ్ ఎప్పుడు జరుగుతుందో కూడా తల్లులకి తెలీదు.

సోమవారం జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఈ సొసైటీ దాఖలు చేసిన కాగితాల నకళ్ళకి నా పేరు మీదే దరఖాస్తు పెడుతున్నాను. ఆ సంస్థ ఏదో తెలిసినవాళ్ళు ఇక్కడే చాలామంది ఉన్నారు. మీరు డబ్బిచ్చి 10బీఈ రాకపోతే, మీ పిల్లల ఫోటో కూడా ఇలాగే వాడుకుని ఉంటే, నాకు ఇన్‌బాక్స్‌లో చెప్పండి. కామెంట్లలో సంస్థ పేరు రాయొద్దు, అక్క పేరు అసలే ఎత్తొద్దు. రేపు పొద్దున వాణ్ణి తీసుకుని మళ్ళీ ఆ సెంటర్‌కే వెళ్ళాలి తను.