ఆ రుమాలు ఏ రంగు?

సెప్టెంబర్ 17 దగ్గర పడితే చాలు, పాత హైదరాబాద్ రాజ్యం రంగులు పూసుకుని మన ఫోన్లలోకి దిగుతుంది. 1948లో నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం నడిచిన పోలీసు యాక్షన్ నాటి న్యూస్‌రీళ్ల ముక్కలు, వెనక డప్పుల మోత, పైన పెద్దక్షరాల శీర్షిక. పోయినేడు హన్మకొండలో ఓ చాయ్ హోటల్ బల్ల మీద నలుగురు కుర్రాళ్లు అలాంటిదే ఒకటి చూస్తున్నారు. 'వరంగల్‌లోకి సైన్యం' అని దాని మీద రాసుంది. ట్యాంకులు పోతున్నాయి, రోడ్డు పక్కన జనం నిలబడి చూస్తున్నారు. ఒకరి తలకు చిలకపచ్చ రుమాలు, ఇంకొకరి భుజం మీద కాషాయం కండువా. పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషికి తొంభైకి ఒకటో రెండో తక్కువ. ఫోన్ అడిగి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూశాడు. "ఇది మన తొవ్వ కాదు బిడ్డా. మన దిక్కు తొవ్వ పొంటి తాటిచెట్లు లేకుంట ఉంటయా?" అన్నాడు. కాసేపాగి, "గిట్ల పచ్చరుమాలు ఎవలు కట్టిండ్రు? అందరియి తెల్లయే. దుమ్ముకు ఎర్రగయ్యేటియి, గంతే" అన్నాడు.

ఆయన పట్టినవి రెండు తప్పులు. చోటు తప్పు, రంగు తప్పు. మొదటిది ఎవరో కావాలని రాసిన శీర్షిక. 1948 సెప్టెంబర్ 13న మొదలైన ఆ దాడిలో సైన్యం ప్రధానంగా షోలాపూర్ వైపు నుంచి, ఇటు బెజవాడ వైపు నుంచి హైదరాబాద్ మీదికి నడిచింది. ఆ రోడ్ల మీద తీసిన బొమ్మకు వరంగల్ పేరు తగిలించడం పాత అలవాటే, పట్టుకోవడమూ కష్టం కాదు. రెండోది అలా కాదు. ఆ పచ్చరంగును మనిషెవరూ ఎంచుకోలేదు. యంత్రం ఊహించి వేసింది. చూసిన కుర్రాళ్లకు అది ఊహ అని తెలియదు.

పాత ఫిల్మును బాగుచేయడంతో మాకు పేచీ లేదు. అది జరగాల్సినంత జరగడం లేదన్నదే మా బాధ. 1950ల మొదటివరకు వాడిన నైట్రేట్ ఫిల్మ్ నిప్పు తగిలితే భగ్గుమంటుంది, ఆర్పినా ఆరదు. 2003 జనవరిలో పుణెలో అలాంటి రీళ్లు దాచిన గోదాం ఒకటి కాలిపోయి, మన తొలినాటి సినిమాలు ఎన్నో మళ్లీ దొరక్కుండా పోయాయి. దాని తర్వాత వచ్చిన అసిటేట్ ఫిల్మ్ కాలదు కానీ పులుస్తుంది. డబ్బా మూత తీయగానే ముక్కుపుటాలు అదిరే పులుపు వాసన వస్తే ఆ రీలు కుంచించుకుపోతోందని అర్థం. దాన్ని శుభ్రం చేసి, ఫిల్ము అంచుల్లో చిరిగిన చిల్లులను అతికి, గీతలు కనబడకుండా ద్రవంలో తడుపుతూ ఒక్కో ఫ్రేమునూ స్కాన్ చేస్తారు. తర్వాత కంప్యూటర్‌లో దుమ్ము తీస్తారు, బొమ్మ ఊగకుండా నిలబెడతారు. ఇదంతా ఉన్నదాన్ని నిలబెట్టే పని. పాత గుడి రాళ్లను ఊడదీసి, నంబర్లు వేసి, మళ్లీ అక్కడే పేర్చడం లాంటిది.

రంగులద్దడం వేరే పని. దాన్ని గౌరవంగా చేసినవాళ్లు లేరని కాదు. తొలి ప్రపంచ యుద్ధం ముగిసి వందేళ్లయిన సందర్భంగా 2018లో పీటర్ జాక్సన్ చేసిన 'దే షల్ నాట్ గ్రో ఓల్డ్' ఇప్పటికీ అందరూ చెప్పుకునే ఉదాహరణ. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం ఆయనకు దాదాపు 100 గంటల ఫిల్మ్ ఇచ్చింది. మ్యూజియం, బీబీసీ దగ్గరున్న సైనికుల మాటల రికార్డింగులు మరో 600 గంటలు. ఆ కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు పది ఫ్రేములో, పదహారో, తిప్పేవాడి చెయ్యిని బట్టి ఉండేది. ఇప్పటి వేగంలో వేస్తే మనుషులు చార్లీ చాప్లిన్‌లా గబగబా నడుస్తారు. జాక్సన్ బృందం వాటిని 24 ఫ్రేములకు సరిచేసింది. పెదవుల కదలికను చదివేవాళ్లను పిలిపించి సైనికులు ఏమంటున్నారో కనుక్కుంది. యూనిఫారాల రంగుకు అసలు యూనిఫారాలనే ముందు పెట్టుకుంది, గడ్డి రంగు కోసం ఆ యుద్ధభూములకే వెళ్లి ఫోటోలు తీసుకొచ్చింది. సినిమా మొదలూ చివరా నలుపు తెలుపుల్లోనే వదిలింది. అంత చేసినా ఆ ఫ్రేముల నడుమ యంత్రం పుట్టించిన ఫ్రేములున్నాయి, ఏ కెమెరా ముందూ జరగని కదలికలున్నాయి. అదీ ఒప్పుకోవాలి.

మన ఫోన్లలోకి వచ్చేవాటి వెనక యూనిఫారం లేదు, గడ్డీ లేదు. 2014లో బ్రిటిష్ పాతే సంస్థ తన పాత న్యూస్‌రీళ్లు 85,000 దాకా యూట్యూబ్‌లో పెట్టింది. మంచి పనే. అక్కడి నుంచో మరోచోటు నుంచో ఓ ముక్క దించుకుని, ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో వేసి, చాయ్ తాగి వచ్చేలోగా రంగుల వీడియో తయారు.

ఆ సాఫ్ట్‌వేర్ చేసేదేమిటంటే, లక్షల కొద్దీ ఇప్పటి రంగుల ఫోటోలు చూసి, ఆకాశం నీలం, ఆకు పచ్చ, చర్మం గోధుమ అని నేర్చుకోవడం. నేర్చుకున్నదాన్ని పాత బొమ్మ మీద పరచడం. ఆకాశం దగ్గర, ఆకు దగ్గర పెద్దగా తప్పు పోదు. బట్ట దగ్గరికి వచ్చేసరికి దిక్కు తోచదు. ముదురు ఎరుపూ ముదురు పచ్చా నలుపు తెలుపు ఫిల్ములో ఒకే బూడిద రంగుగా పడొచ్చు. తొలి ప్రపంచ యుద్ధం నాటి ఫిల్ముకైతే ఎరుపు అసలు ఆనేది కాదు, ఎర్రజెండా నల్లగా పడేది. ఆ బూడిదలోంచి రంగును వెనక్కి లాగడం కుదరదు. పడ్డ రంగు అంచనా మాత్రమే. సాయుధ పోరాటం నాటి తుపాకులు పట్టిన ఆడవాళ్ల ఫోటోకు రంగేసి, చీరలకు ఇప్పటి పాలియెస్టర్ మెరుపు తెచ్చినవాళ్లున్నారు. ఆ బట్ట ఆజంజాహీ మిల్లుదో, ఊరి మగ్గం మీదిదో, ఎన్ని ఉతుకులు ఉతికిందో యంత్రానికేం తెలుసు? కొత్తవాడలో జంపఖానా నేసే ఏ ముసలాయనను అడిగినా బట్ట వాలు చూసి అంతకంటే నయంగా చెబుతాడు. నలుపు తెలుపు ఫిల్మ్ మనకు రంగు కూడా నిజంగా చూపేది ఒక్క గొంగడిదే కాబోలు.

రంగు తప్పయితే ఏమైంది, చూడ్డానికి బాగుంది కదా అనేవాళ్లున్నారు. ఫ్రాన్స్‌లో సైనికుడి మఫ్లర్ రంగు తప్పయితే ఏమీ కాదు. ఇక్కడ రంగుకు మతముంది, పార్టీ ఉంది. 1948 నాటి గుంపులో ఒక మనిషి రుమాలు పచ్చగా మారగానే అతడెవరో చూసేవాడి మనసు నిర్ణయించేస్తుంది. పక్కవాడి కండువా కాషాయమైతే ఇంకో నిర్ణయం. తెల్లబట్టల్లో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు ఊరివాళ్లు రెండు శిబిరాలైపోతారు. ఆ రోజును ఏమని పిలవాలో మనకే ఇంకా తెగలేదు. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఒకరికి సమైక్యత, ఇంకొకరికి విద్రోహం. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆహ్వానపత్రం మీద పేరు మారుతుంది. అంత సున్నితమైన రోజును ఎక్కడో సర్వర్‌లో ఉన్న అంచనా యంత్రం చేతికిచ్చి, అది పూసిన రంగులను పిల్లలకు చరిత్ర అని చూపిస్తున్నాం.

రంగులద్దడం మనకు కొత్త కాదనే మాటా వినిపిస్తుంది. నిజమే. వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల పాత ఫోటో స్టూడియోల్లో నలుపు తెలుపు ఫోటోను పెద్దది చేసి, సన్న కుంచెతో బుగ్గలకు గులాబీ, చీర అంచుకు బంగారు రంగు వేసి ఇచ్చేవారు. చనిపోయిన బాపు ఫోటోకు ఆయన బతికుండగా ఎన్నడూ తొడగని కోటు కూడా తొడిగేవారు. అబద్ధమే కదా? అబద్ధమే. కానీ ఆ కుంచె పట్టినవాడు ముందు అడిగేవాడు: "అవ్వది ఏం రంగు చీర? నామం పెట్టుకునేదా, బొట్టా?" ఇంటివాళ్లు చెప్పింది వేసేవాడు. దండ వేసి గోడకు తగిలించాక, ఆ కోటు స్టూడియోవాడిదని ఇంట్లో చిన్నపిల్లాడికీ తెలుసు.

అడగకుండా రంగేస్తే ఎంతదూరం పోతుందో 2021లో లోకం చూసింది. కాంబోడియాలో పోల్‌పాట్ కాలపు తుయోల్ స్లెంగ్ జైలులో, చంపే ముందు ఖైదీలను కూర్చోబెట్టి తీసిన ఫోటోలున్నాయి. ఓ కళాకారుడు వాటికి రంగులద్దుతూ కొన్ని ముఖాల మీద చిరునవ్వు కూడా పెట్టాడు. ఓ అంతర్జాతీయ మీడియా సంస్థ వాటిని ప్రచురించింది. చనిపోయినవాళ్ల కుటుంబాలు, కాంబోడియా ప్రభుత్వం మండిపడ్డాక తీసేసింది. రంగుతో మొదలై నవ్వు దాకా పోవడానికి అదే కంప్యూటర్, అదే బల్ల చాలు.

మాకు అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. మన పోరాటంలో తీయని బొమ్మలే ఎక్కువ. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎత్తడానికి చేరిన జనం మీద తుపాకులు పేలాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు దగ్గర, పోలీసు యాక్షన్‌కు సరిగ్గా పదిహేడు రోజుల ముందు, రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి ఊరిని ఊచకోత కోశారు. అక్కడికి సినిమా కెమెరా ఎవరు తెస్తారు? సైన్యం వచ్చాక జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యలను లెక్కగట్టిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు మూతలోనే ఉంది. ఆ చావులకూ న్యూస్‌రీలు లేదు. కెమెరా గెలిచినవాడి వెంట నడుస్తుంది. ట్యాంకును తీస్తుంది, కరచాలనాన్ని తీస్తుంది. ఇప్పుడు నాలుగు వాక్యాలు టైప్ చేస్తే 'బైరాన్‌పల్లి, 1948, అసలు ఫుటేజీ' అని గీతలతో, దుమ్ముతో సహా ఓ వీడియో పుట్టించే రోజులొచ్చాయి. రంగులేసిన బొమ్మకు అలవాటు పడ్డ కన్ను దాన్నీ నమ్ముతుంది. ఎవరి చావును ఎవరు చంపినట్టు చూపించాలన్నది ఇక టైప్ చేసేవాడి ఇష్టం.

రంగు ఒక్కటే కాదు, శీర్షిక తప్పయినా చరిత్ర తప్పుతుంది. బేగంపేటలో నిజాం సర్దార్ పటేల్‌కు చేతులు జోడించి నమస్కరించే దృశ్యం ఏటా 'సెప్టెంబర్ 17న లొంగిపోయిన నిజాం' పేరుతో తిరుగుతుంది. ఆ బొమ్మ 1949 ఫిబ్రవరి నాటిది, పటేల్ హైదరాబాద్ వచ్చినప్పటిది. నిజాం సైన్యాలు లొంగిన నాడు భారత సైన్యపు జనరల్ చౌదురి ముందుకు వచ్చింది నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్. ఇందులో మా చేతులూ శుభ్రంగా లేవు. సెప్టెంబర్ ప్రత్యేక పేజీల్లో మేమూ రంగులేసిన బొమ్మలు వేశాం, కింద 'రంగులు తర్వాత వేసినవి' అన్న ఒక్క ముక్క రాయలేదు. ఇక మీదట రాస్తాం. రంగు లేనిది దొరికితే అదే వేస్తాం.

ప్రభుత్వం చేయగల పని పెద్దదేమీ కాదు. 1948లోనే మొదలైన ఫిల్మ్స్ డివిజన్ రీళ్లు, పుణెలో 1964 నుంచి ఉన్న ఫిల్మ్ ఆర్కైవ్ నిల్వలు, లండన్ సంస్థల న్యూస్‌రీళ్లు, వీటిలో హైదరాబాద్ రాజ్యానికి సంబంధించిన ప్రతి అడుగు ఫిల్మునూ నాణ్యమైన స్కాన్‌గా తెప్పించి, రంగు లేకుండా, కోత లేకుండా, తీసిన తేదీ, చోటు, తీసినవాడి వివరంతో జనానికి ఉచితంగా పెట్టాలి. ఆపైన ఎవరైనా రంగేసుకుంటే వేసుకోనీ, పక్కనే అసలుది ఉంటుంది. పాఠశాలల్లో, మ్యూజియంలలో, ప్రభుత్వ సభల్లో చూపే రంగుల ముక్క మీద మాత్రం మొదటి ఫ్రేము నుంచి చివరి దాకా 'రంగులు తర్వాత వేసినవి' అన్న మాట రాసి తీరాలి. చివర్లో పేర్లు పోయేచోట చిన్నక్షరాల్లో రాస్తే కుదరదు.

దానికంటే తొందరైనది ఇంకొకటుంది. పోలీసు యాక్షన్ నాటికి పదేళ్ల పిల్లలు ఇప్పుడు తొంభై అంచున ఉన్నారు. చాయ్ హోటల్ పెద్దమనిషికి తాటిచెట్లు లేవని చెప్పడానికి అరనిమిషం పట్టింది. ఆయనలాంటివాళ్లు పరకాలలో, జనగామలో, పాలకుర్తిలో, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయిన బైరాన్‌పల్లిలో ఇంకా కొందరున్నారు. కాకతీయ యూనివర్సిటీ చరిత్ర విద్యార్థులు ఓ ప్రొజెక్టరూ ఓ రికార్డరూ పట్టుకుని ఆ ఊళ్లకు పోవాలి. గ్రామపంచాయతీ గోడ మీద నలుపు తెలుపు రీలు వేసి, ఆ తొవ్వ ఎక్కడిది, ఆ బండి ఎవరిది, ఆ రుమాలు ఏ రంగు అని అడిగి రాసుకోవాలి. పెద్దవాళ్లకు రాత్రిపూట చూపు ఆనదు, కాబట్టి గదిలో కిటికీలు మూసి పగలే వేయాలి. వచ్చే సెప్టెంబర్ దాకా ఆగొద్దు, ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టాలి.