పాత లివర్ రైఫిల్‌ని మెరిపించే ముందు కాల్చి చూడండి

పాత లివర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి పిడిని కిందికి తోసి, పైకి లాగి తూటా ఎక్కించే రకం) చేతికి రాగానే శాండ్ పేపర్ కోసం వెతికే అలవాటు చాలామందికి ఉంది. ముందు స్టాక్ మీద పాత పూతంతా గీకేస్తారు. తర్వాత రిసీవర్‌ని, అంటే యంత్రాంగమంతా ఉండే నడిమి లోహపు పెట్టెని, బఫింగ్ చక్రానికి పెడతారు. చివరికి "రీస్టోర్ చేశాను చూడండి" అని అద్దంలా మెరిసే ఫోటో పెడతారు. కింద లైకుల వాన. ఆ రైఫిల్ 50 గజాల్లో ఎక్కడ కొడుతోంది, హామర్ (తూటాని పేల్చే సుత్తి) హాఫ్ కాక్‌లో, అంటే భద్రత కోసం సగం ఎక్కించిన చోట, నిలుస్తోందా, చాంబర్‌లో తూటా సరిగ్గా కూర్చుంటోందా అని ఎవరూ అడగరు. పెట్టినవాళ్లూ చెప్పరు. దీని మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. ఈరోజు మొత్తం రాసేస్తున్నా, కాస్త పొడుగైనా చదవండి.

నేను చెప్పేది ఒక్కటే. వాడిన లివర్ రైఫిల్‌కి ముందు శుభ్రం చేయాలి, తర్వాత భద్రత చూసుకోవాలి, ఆ తర్వాత రేంజ్‌లో కాల్చాలి. ఏది బాగు చేయాలో టార్గెట్ కాగితం చూశాకే తేల్చుకోవాలి. అందం సంగతి ఆఖర్న. చాలా రైఫిళ్లకు అక్కడిదాకా వెళ్లే అవసరమే రాదు.

అసలు ఇవేం తుపాకులో గుర్తు చేసుకోండి. జాన్ మోజెస్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన వించెస్టర్ మోడల్ 1894 అమెరికాలో 70 లక్షలకు పైగా తయారైంది. దానికోసం 1895లో వచ్చిన .30-30, పొగలేని మందు కోసమే రూపొందించిన తొలి అమెరికన్ వేట తూటా. 1948లో మార్లిన్ కంపెనీ లివర్ రైఫిల్ 336 వచ్చింది. ఇవి గోడకు తగిలించుకోవడానికి చేసినవి కావు. జీను పక్కన తోలు ఒరలో, ట్రక్కు సీటు వెనకాల, వానలో, మంచులో బతికినవి. రిసీవర్ అడుగున బ్లూయింగ్ (ఉక్కుకి తుప్పు పట్టకుండా రసాయనంతో తెచ్చే నీలి నలుపు) పోయి బూడిద రంగు తేలిందంటే కారణం ఉంది. ఈ రైఫిల్ తూకం సరిగ్గా అక్కడే ఉంటుంది కాబట్టి ఒంటిచేత్తో మోసేవాళ్లంతా అక్కడే పట్టుకుంటారు. ఏళ్ల తరబడి ఆ చేతి చెమటకి రంగు పోయింది. అది జబ్బు కాదు. దాన్ని చెరిపేయాలని ఎందుకంత తొందర?

బఫింగ్ చక్రం చేసే నష్టం దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది. రిసీవర్ అంచులు గుండ్రబడతాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం పళ్లెంలా పల్లమవుతుంది. బ్యారెల్ మీద అక్షరాలు సగం అరిగి, సగం మిగులుతాయి. ఫ్యాక్టరీలో చెక్కని లోహం కంటే వెంట్రుకవాసి ఎత్తుగా వదులుతారు. శాండ్ పేపర్ పడ్డాక చెక్క కిందికి దిగి, లోహం అంచు పైకి తేలి కనిపిస్తుంది. గీకేసిన లోహాన్నీ, చెక్కనీ తిరిగి తెచ్చే మార్గం లేదు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇలాంటి రైఫిల్‌కి సరిగ్గా సరిపోతుంది.

1964 తర్వాతి వించెస్టర్ 94లతో (మోడల్ 1894నే ఇలా అంటారు) ఇంకో చిక్కుంది. ఆ ఏడాది కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతులు మార్చింది. ఆ మార్పుల తర్వాత చాలా ఏళ్లపాటు వచ్చిన రిసీవర్ల లోహం మామూలు హాట్ బ్లూయింగ్‌ని సరిగ్గా పట్టదు. ఫ్యాక్టరీ వాళ్లే దానికి వేరే పూత వేసి నలుపు తెచ్చారు. ఇది తెలియకుండా ఆ పూత గీకేసి బ్లూయింగ్ ట్యాంకులో ముంచితే ఊదారంగో, మచ్చలో తేలతాయి. అప్పుడు తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి పరిగెత్తితే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

సరే, ఏం చేయాలో చెప్తాను. ముందు ఖాళీ చేయండి. లివర్ తెరిచి చాంబర్‌లోకి చూడండి, వేలు పెట్టి తడిమి చూడండి. ట్యూబ్ మ్యాగజైన్‌తో, అంటే బ్యారెల్ కింద తూటాలు వరసగా ఉండే గొట్టంతో, ఒక ప్రమాదం ఉంది. స్ప్రింగ్ జిడ్డుపట్టి బిగుసుకుంటే లోపల ఒక తూటా ఉండిపోయి, ఖాళీ అయిందనుకున్నాక కిందికి జారవచ్చు. తూటాలని వెనక్కి తోసే ఫాలోవర్ కంటికి కనిపించేదాకా నమ్మకండి.

ఖాళీ అని ఖాయమయ్యాక హామర్‌ని హాఫ్ కాక్‌లో పెట్టి ట్రిగ్గర్ గట్టిగా నొక్కండి. పడకూడదు. పూర్తిగా ఎక్కించి బొటనవేలితో వెనక నుంచి తోయండి. అప్పుడూ జారకూడదు. లివర్ పూర్తిగా మూయకుండా ట్రిగ్గర్ లాగితే హామర్ కదలకూడదు. ఈ మూడిట్లో ఒక్కటి తప్పినా రైఫిల్ రేంజ్‌కి కాదు, గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాలి. హెడ్‌స్పేస్, అంటే తూటా వెనక ఉండే సందు, కూడా ఆయన దగ్గరే గేజ్‌లతో చూపించుకోండి. .30-30కి అంచు, అంటే రిమ్, ఉంటుంది. తూటా చాంబర్‌లో ఆ రిమ్ మీదే ఆగుతుంది. చాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్ట్‌కీ రిమ్‌కీ మధ్య సందు ఎక్కువైతే పేలేటప్పుడు కేస్ (తూటా ఇత్తడి గొట్టం) సాగి, అడుగున తెగే ప్రమాదం ఉంది. ట్రిగ్గర్ పని కూడా ఆయనదే. ఇంట్లో ఆకురాయి పట్టుకుని సియర్‌ని (ఎక్కించిన హామర్‌ని ఆపి ఉంచే ముక్కని) పలచబరిచే వీడియోలు చూస్తే నాకు గుండె దడ వస్తుంది.

మార్లిన్ ఉన్నవాళ్లకు ఒక మాట. ఆ ఫైరింగ్ పిన్ (తూటా అడుగున కొట్టి పేల్చే సూది) రెండు ముక్కలుగా ఉండటం చవక పని అనుకుని ఒకే ముక్క పిన్ కొని బిగిస్తున్నారు. లాకింగ్ బోల్ట్ పూర్తిగా పైకి లేస్తే తప్ప వెనక ముక్క ముందు ముక్కతో వరసలోకి రాదు. యాక్షన్ సరిగా మూసుకోకముందే పేలకుండా ఆపేది అదే. కాస్త చురుకుగా పేలుతుందని దాన్ని తీసేయడం నా దృష్టిలో క్షమించలేని పని.

ఇక శుభ్రం చేయడం. నాకు ఇష్టమైన భాగం ఇదే. పాత రైఫిల్ లివర్ బరువుగా, గరగరలాడుతూ కదిలితే సగం సందర్భాల్లో అది అరుగుదల కాదు. ఎండి జిగురులా మారిన నూనె. మార్లిన్‌లో లివర్ స్క్రూ ఒక్కటి తీస్తే లివర్, బోల్ట్ బయటికొచ్చేస్తాయి. లోపలి గోడకు ఆనుకుని ఉండే చిన్న ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ని బయటికి విసిరేది) జారి పడుతుంది, గుడ్డ పరుచుకుని విప్పండి. స్క్రూడ్రైవర్ మాత్రం గన్‌స్మిత్‌లు వాడే రకమే కావాలి, మొన రెండు వైపులా సమాంతరంగా ఉండేది. ఇంట్లో వాడే ఏటవాలు మొన స్క్రూ గాడిని చింపేస్తుంది. బోల్ట్ తీశాక బ్యారెల్‌ని వెనక నుంచి నేరుగా శుభ్రం చేసుకోవచ్చు. వించెస్టర్ 94 అంత తేలిగ్గా విప్పుకోదు కాబట్టి అందరూ ముందు నుంచే రాడ్ తోస్తారు. ఆ రాడ్ ఏళ్లకేళ్లు రాసుకుని బ్యారెల్ మూతి దగ్గర, బుల్లెట్‌ని తిప్పే గాడుల చివర్లు అరిగిపోతాయి. బుల్లెట్ వదిలి వెళ్లే చివరి చోటు అదే, గురి చెడేదీ అక్కడే. రాడ్ మూతికి రాసుకోకుండా నిలిపే మజిల్ గైడ్ వాడండి, లేదా పుల్ త్రూ తాడు వాడండి.

బ్యారెల్ లోపల చీకటిగా, గరుకుగా కనిపిస్తే "బ్యారెల్ పోయింది" అని తీర్పు చెప్పేయకండి. రాగి కరిగించే సాల్వెంట్ వేసి కాసేపు ఉంచి తెల్లగుడ్డ ముక్క తోయండి. నీలంగా బయటికొస్తుంది. మళ్లీ వేయండి, మళ్లీ నీలమే. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఓపిక పడితే కింద గాడులు పదునుగా కనిపించిన రైఫిళ్లు నేను చూశాను. బ్యారెల్ పాడైందని ఎవరో అమ్మేసినవే అవన్నీ.

బయటి తుప్పు మీదికి కూడా ఎమెరీ కాగితం అక్కర్లేదు. పలచటి తుప్పైతే బాగా సన్నని 0000 స్టీల్ వూల్, నూనె చాలు. మొండిదైతే చెక్క, స్ప్రింగులు అన్నీ విప్పేసి లోహం భాగాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించండి. ఎర్ర తుప్పు నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. రస్ట్ బ్లూయింగ్ అనే పాత పద్ధతి నడిచేది ఈ సూత్రం మీదే. నారింజ రంగు మచ్చ నీళ్లలోంచి తీసేసరికి వెల్వెట్ గుడ్డలా నల్లబడి ఉంటుంది. మెత్తటి వైర్ బ్రష్‌తో రుద్దితే మసి రాలిపోతుంది, కింద నలుపు నిలుస్తుంది. వెంటనే ఆరబెట్టి నూనె పట్టించండి. పాత బ్లూయింగ్ ఎక్కడిదక్కడే ఉంటుంది.

చెక్క దగ్గర చూడాల్సింది మెరుపు కాదు, టాంగ్ వెనకాల పగులు. టాంగ్ అంటే రిసీవర్ వెనక తోక. అది స్టాక్‌లోకి దిగే చోటుకి నూనె దశాబ్దాలుగా కారి వాల్‌నట్ నల్లగా, మెత్తగా అయిపోతుంది. ప్రతి కాల్పుకీ ఆ తోక మేకులా వెనక్కి గుద్దుతుంది, చెక్క చీలుతుంది. అసిటోన్‌లో కలిపిన సుద్దపొడి ముద్ద పట్టిస్తే ఆరేకొద్దీ నూనె సుద్దలోకి వచ్చి గోధుమరంగుకి తిరుగుతుంది. పగులుని ఎపాక్సీతో అతికి, తోక వెనక కాస్త ఖాళీ వదలాలి. సొట్టలకు తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆవిరికి నార ఉబ్బి పైకి లేస్తుంది. ఆపైన అవిసె నూనె పలచగా, పూతకీ పూతకీ మధ్య బాగా ఆరనిచ్చి. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. బయట పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

ఇప్పుడు రేంజ్. కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తూటా ఎంపిక గురించి చెప్పాలి. ట్యూబ్ మ్యాగజైన్‌లో ఒకదాని మొన ముందున్న దాని ప్రైమర్‌కి (తూటా అడుగున దెబ్బకి అంటుకునే బిళ్లకి) ఆని ఉంటుంది. మొన కోసుగా, గట్టిగా ఉంటే కుదుపుకి అది లోపలే పేలొచ్చు. అందుకే మొన చదునుగా ఉండే బుల్లెట్లు, లేదా మెత్తటి పాలిమర్ మొనతో ఈ రైఫిళ్ల కోసమే చేసినవి. 1899 నాటి శావేజ్ కంపెనీ లివర్ రైఫిల్‌కి ఈ బాధ లేదు, దానిది తిరిగే మ్యాగజైన్.

మొదట డమ్మీ తూటాలతో లివర్ ఆడించి చూడండి, నెమ్మదిగా ఒకసారి, జోరుగా ఒకసారి. మార్లిన్ అయితే రెండో తూటా, తూటాని పైకెత్తే క్యారియర్ కిందికి జారి యాక్షన్ బిగుసుకుపోతుందేమో గమనించండి. లివర్ అంచు రాసుకుని రాసుకుని క్యారియర్ అడుగున గాడి పడటం దీనికి పేరుపడ్డ కారణం. తూటా కంపెనీని తిట్టడం కాదు, ఆ క్యారియర్ మార్చాలి. తర్వాత ఒకే ఒక్క తూటా వేసి కాల్చి, ఖాళీ కేస్‌ని వెలుతురులో తిప్పి చూడండి. ప్రైమర్ బయటికి పొడుచుకు వచ్చిందా? అడుగుకి కాస్త పైన మెరిసే గీత ఉందా? ఉంటే ఆరోజుకి ఆపేయండి. లేకపోతే 25 గజాల నుంచి మొదలుపెట్టి 50కి, ఆపైన 100కి వెళ్లండి.

100 గజాల దగ్గర అంగుళం గ్రూప్ (గుళ్లన్నీ అంగుళం లోపల పడటం) రాలేదని ఈ రైఫిళ్లను తీసిపారేసేవాళ్లంటే నాకు అసలు పడదు. లెక్క చూడండి. ముందు సైట్ మీది పూస అంగుళంలో 16వ వంతు అనుకుంటే, 20 అంగుళాల బ్యారెల్ కార్బైన్ మీద అది 100 గజాల దగ్గర దాదాపు 7 అంగుళాల మేర కప్పేస్తుంది. 7 అంగుళాలు కప్పే పూసతో 2 నుంచి 3 అంగుళాల గ్రూప్ వచ్చిందంటే రైఫిల్ కూడా, కాల్చినవాళ్లూ గొప్పగా చేసినట్టు. ఇంకా కావాలంటే రంధ్రంలోంచి చూసే రిసీవర్ సైట్ పెట్టుకోండి. దానికి కొత్త రంధ్రాలు వేయాల్సి వస్తే మాత్రం ఆగండి.

నా దగ్గరున్న 94 మొదటి గుండు చక్కగా మధ్యలో, రెండోది దానిపైన, మూడోది ఇంకా పైన కొట్టేది. పక్కకి కదలిక లేదు, నిచ్చెన ఎక్కినట్టు నిలువుగా పైకే. రేంజ్‌లో పక్క బెంచీ పెద్దాయన సైట్ మార్చమన్నాడు, ఇంకొకాయన బ్యారెల్ మార్చమన్నాడు. సైట్ తప్పైతే గ్రూప్ మొత్తం జరగాలి కానీ ఇలా సాగదు. బ్యారెల్ వేడెక్కేకొద్దీ సాగుతోందంటే దాన్ని ఏదో పట్టి లాగుతోందన్నమాట. ముందు చెక్క విప్పి చూస్తే లోపల ఒకచోట బ్యారెల్ గట్టిగా రాసుకుని చెక్క నిగనిగలాడుతోంది. ఆ మెరిసిన చోటు మాత్రం కొద్దిగా తగ్గించి, ముందు చెక్కని బ్యారెల్‌కి పట్టి ఉంచే బ్యాండ్ స్క్రూలని పిడికిలి బిగువుతో కాకుండా సరిపడా బిగించాను. గుళ్లు ఒకచోటికి చేరాయి. పైన ఒక్క గీత మారలేదు. కాల్చకుండా ఆ రైఫిల్‌కి పాలిష్ పెట్టి ఉంటే, ఈ సంగతి ఎప్పటికి తెలిసేది?

బెంచీ మీద ఆనించేటప్పుడు కూడా బ్యారెల్‌ని బస్తా మీద పెట్టకండి. రిసీవర్‌కి దగ్గరగా, ముందు చెక్క కింద ఆనించండి. మూడేసి గుళ్లకు ఒకసారి చల్లారనివ్వండి. 150 గ్రెయిన్, 170 గ్రెయిన్ (గ్రెయిన్ బుల్లెట్ బరువు కొలత) రెండూ ప్రయత్నించండి, ఒక్కో రైఫిల్ ఒక్కోదాన్ని ఇష్టపడుతుంది. గ్రూప్ ఎటు జరగాలో వెనక సైట్‌ని అటే జరపాలి, ముందు సైట్‌నైతే దానికి ఎదురు.

ఇంతా అయ్యాక కూడా బ్లూయింగ్ మార్చాలనే ఉంటే, ముఖ్యంగా మీకంటే ముందే ఎవరో రైఫిల్‌ని గీకి పాడుచేసి ఉంటే, నేను వద్దనను. చేత్తో పాలిష్ చేసి రస్ట్ బ్లూ వేసేవాళ్లను వెతుక్కోండి. ఒప్పుకునే ముందు వాళ్లు చేసిన పాత పనొకటి చూపించమని అడిగి, బ్యారెల్ మీది అక్షరాల అంచులు, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం భూతద్దంతో చూడండి. అక్షరాలు అలుక్కుపోయి ఉంటే, రంధ్రాలు పల్లమై ఉంటే, మీ రైఫిల్ మీరు తీసుకుని ఇంటికి వచ్చేయండి.